మహలు, మందిరం, టాకీసు: మన చలనచిత్ర ప్రదర్శనశాలల పూర్వచరిత్ర

ఊళ్ల పేర్లకు ఉన్నట్లే సినిమాశాలల పేర్లకు కూడా ఒక చరిత్ర ఉన్నది. హైదరాబాదు నగరంలో వెనుకటి తరంవారు చిత్రాలు చూచిన శాలల పేర్లను ఒకసారి స్మరించండి: జమరుద్ మహల్, మోతీ మహల్, దిల్షాద్. ఉర్దూ తెలిసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మొదటిది పచ్చల మహలు, రెండవది ముత్యాల మహలు. అక్కడి నుండి విజయవాడకు పోతే మారుతి, దుర్గా కళామందిరం అనే పేర్లు వినవస్తాయి. బొంబాయిలో ఒకవైపు మెజెస్టిక్, రీగల్ అని రాజసం ఉట్టిపడే ఆంగ్ల నామాలు, మరొకవైపు మరాఠా మందిర్. 1927లో న్యూయార్కు నగరంలో దాదాపు ఆరువేల ఆసనాలతో ‘రాక్సీ’ అనే బ్రహ్మాండమైన శాలను తెరచినప్పుడు, దానిని చలనచిత్రాల మహాదేవాలయమని చాటినారు. అనగా లోకంలో ఎక్కడైనా సరే, బొమ్మలు ఆడే ఇంటికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మానవునికి రెండే ఉపమానాలు స్ఫురించినవి. ఒకటి రాజు ఉండే చోటు, రెండవది దేవుడు ఉండే చోటు.

మొన్న తరగతిలో ఒక విద్యార్థిని, “నీవు చూచిన చిత్రం ఏ శాలలో చూచితివి?” అని అడిగినాను. అతడు ఒక అంగడి సముదాయం పేరు చెప్పి, “మూడో స్క్రీను సార్” అన్నాడు. శాలకు పేరు లేదు, అంకె మాత్రమే ఉన్నది. ఆ సమాధానమే ఈ వ్యాసానికి ప్రేరణ. పేరున్న శాలలు ఎట్లు పుట్టినవి, వాటిలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, బొమ్మను తెరమీదికి ఎట్లు తెచ్చినారు అనే సంగతులు నాకు తెలిసినంతవరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

మన దేశంలో చలనచిత్రం మొట్టమొదట ప్రదర్శింపబడినది మహలులో కాదు, ఒక హోటలులో. 1896 జూలై 7వ తేదీన బొంబాయిలోని వాట్సన్ హోటలులో ఫ్రాన్సు దేశపు ల్యూమియేర్ సోదరుల ప్రతినిధి కొన్ని చిన్న చిన్న చిత్రాలను చూపినాడు. ప్రవేశ రుసుము ఒక రూపాయి. ఆనాటి రూపాయి సామాన్యునికి అందేది కాదు. అయితే వారం రోజులకే ప్రదర్శన నావెల్టీ అనే నాటకశాలకు మారినది. అక్కడ క్రమంగా నాలుగు అణాల తరగతి కూడా ఏర్పడినది. సినిమాను సామాన్యునికి చేర్చినది యంత్రాన్ని కనిపెట్టినవాడు కాదు, నాలుగు అణాల టిక్కెట్టును కనిపెట్టినవాడు అని నాకు తోస్తుంది.

తరువాత కొన్ని ఏండ్ల దాకా సినిమాకు స్వంత ఇల్లు లేదు. డేరాలలో కాపురం చేసినది. ఈ డేరాల కాలంలో స్మరింపదగిన వ్యక్తి అబ్దుల్ అలీ యూసుఫ్ అలీ. సూరతు ప్రాంతంవాడు. 1901 నుండి బర్మా, సింగపూరు, సింహళం తిరిగి, పిమ్మట భారతదేశమంతటా డేరా వేసినాడు. నూరడుగుల పొడవు, ఏబదియడుగుల వెడల్పుగల ఆ డేరాలో వేయిమంది పట్టేవారట. ఒక్కొక్క ప్రదర్శనలో నలుబది, ఏబది చిన్న చిత్రాలు వేసేవాడు. 1914లో ఆయన డేరా చుట్టివేసి, అర్దేషిర్ ఇరానీ అనే పారసీకునితో కలిసి బొంబాయిలో అలెగ్జాండ్రా థియేటరును తీసుకొన్నాడు. 1918లో ఆ ఇద్దరూ కలిసి మెజెస్టిక్ అనే శాలను కట్టినారు. ఈ పేరును పాఠకులు మనస్సులో ఉంచుకొనవలెను, మరల దానివద్దకు వస్తాము.

కలకత్తాలో ఇదే కథ ఇంకొక విధంగా నడచినది. జంషెడ్జీ ఫ్రాంజీ మదన్ పారసీ నాటక సమాజాల నుండి వచ్చినవాడు. 1902లో కలకత్తా మైదానంలో డేరా వేసి బయస్కోపు చూపినాడు. 1907లో ఎల్ఫిన్‌స్టన్ పిక్చర్ ప్యాలెస్ అనే శాశ్వత భవనాన్ని నెలకొల్పినాడు. “ప్యాలెస్” అనే మాట మన దేశంలో సినిమాకు అంటుకొన్నది అప్పటి నుండియే అనవచ్చును. కొంతకాలానికి మదన్ సంస్థ చేతిలో దేశమంతటా శాలలు ఏర్పడినవి. ఆ ఎల్ఫిన్‌స్టన్ తరువాతి కాలంలో మినర్వాగా, ఆ పిమ్మట చాప్లిన్‌గా పేరు మార్చుకొని, చివరకు 2013లో నేలమట్టమైనది.

డేరా నుండి భవనానికి మారడానికి కేవలం లాభాపేక్షయే కారణం కాదు. నిప్పు కూడ ఒక కారణం. ఆనాటి ఫిలిము నైట్రేటుతో చేసినది. పత్తికి నైట్రికామ్లం తగిలించి చేసే పేలుడు పదార్థానికి అది దగ్గరి చుట్టము. ఒకసారి అంటుకొంటే నీళ్లు పోసినా ఆరదు. దానికి తోడు తొలినాళ్లలో దీపాలు కూడా ప్రమాదకరమైనవే. 1897 మే నెలలో పారిస్ నగరంలో ఒక ధర్మసంతలో చలనచిత్ర ప్రదర్శన దీపం నుండి మంటలు లేచి 126 మంది మరణించినారు. వారిలో అత్యధికులు స్త్రీలు. ఇటువంటి ఘోరాల తరువాతనే బొమ్మ వేసే గదిని ప్రేక్షకులకు దూరంగా, నిప్పుకు లొంగని గోడలతో వేరుగా కట్టవలెనని దేశదేశాలలో శాసనాలు వచ్చినవి. మన దేశంలో 1918లో సినిమాటోగ్రాఫ్ చట్టం చేసినారు. శాలకు లైసెన్సు, భవనానికి తనిఖీ, చిత్రానికి యోగ్యతాపత్రం అన్నీ ఆ చట్టంతో వచ్చినవే. బాల్కనీ వెనుక గోడలో చిన్న చిన్న కిటికీలు మాత్రమే ఉండి, వాటిగుండా వెలుగు దూసుకొనివచ్చే ఆ గదిని చిన్నతనంలో మనమందరం వెనుకకు తిరిగి ఆశ్చర్యంతో చూచినవారమే. ఆ కిటికీలు అంత చిన్నవిగా ఉండడానికి కారణం ఎందరో అభాగ్యుల మరణం అని ఆ వయస్సులో మనకు తెలియదు.

ఇక దక్షిణాదికి వద్దాము. ఇక్కడ మన తెలుగువారు గర్వింపదగిన పేరు రఘుపతి వెంకయ్య. 1869లో మచిలీపట్నంలో పుట్టి, మదరాసులో ఛాయాచిత్రాల దుకాణం పెట్టుకొన్నాడు. 1910 ప్రాంతంలో ఫ్రాన్సులోని గోమాన్ సంస్థ చేసిన క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించినాడు. తెరమీద బొమ్మ, పక్కన గ్రామఫోను పళ్లెం. రెండూ ఒకే లయలో నడచునట్లు చేసి, ధ్వనిని గాలి ఒత్తిడితో పెంచే ఏర్పాటు అది. టాకీలు రావడానికి ఇరవై ఏండ్ల ముందే మాటాడే బొమ్మను దక్షిణదేశానికి, సింహళానికి, బర్మాకు మోసికొనిపోయిన ధీశాలి ఆయన. 1914లో మదరాసు మౌంటు రోడ్డు ప్రాంతంలో గెయిటీ అనే శాలను కట్టినాడు. మదరాసులో ఒక భారతీయుడు నిర్మించిన తొలి శాశ్వత సినిమాశాల అదియే. తరువాత మింటు వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కట్టినాడు. ఆ గ్లోబే పిమ్మట రాక్సీ అయినది. న్యూయార్కు రాక్సీ పేరు అక్కడి నుండి ఇక్కడికి ప్రయాణం చేయుట చూడండి.

వెంకయ్య తన కుమారుడు ప్రకాష్‌ను చిత్రనిర్మాణం నేర్చుకొమ్మని విదేశాలకు పంపినాడు. 1921లో తండ్రీకొడుకులు ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసినారు. కాని అప్పులు పెరిగి ఆయన తన శాలలను నిలుపుకొనలేకపోయినాడు. 1941లో మరణించినాడు. ఇప్పుడు ఆయన పేర ప్రభుత్వ పురస్కారం ఉన్నది; ఆయన కట్టిన గెయిటీ మాత్రం లేదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ వచ్చిన ఆ 1921లోనే విజయవాడలో పోతిన శ్రీనివాసరావుగారు మారుతి సినిమాశాలను నెలకొల్పినారు. ఆంధ్రదేశంలో తొలి శాశ్వత సినిమాశాలగా దానిని పేర్కొంటారు.

మూకీల కాలంలో శాల లోపల నిశ్శబ్దంగా ఉండేదని అనుకొంటే పొరపాటు. తెర ముందు హార్మోనియం, తబలా, ఫిడేలు వాయించేవారు కూర్చుండేవారు. కొన్ని పెద్ద శాలలలో పియానో కూడా ఉండేది. కథను వివరించే అక్షరాలు మధ్యమధ్య తెరమీద వచ్చేవి. అవి ఒక భాషలో కాదు. బొంబాయి చిత్రాలకైతే ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, ఉర్దూ ఇట్లు రెండు మూడు నాలుగు భాషలలో వరుసగా వ్రాసేవారు. అయినను చదువు వచ్చినవారు ఎందరు? కనుక వాటిని గట్టిగా చదివి చెప్పడానికి ఒక మనిషి ఉండేవాడు. కేవలం చదవడమే కాదు, తన స్వంత మాటలు జోడించి, యుద్ధం వస్తే గొంతు పెంచి, శోకం వస్తే గొంతు తగ్గించి కథ నడిపించేవాడు. హరికథకుడు, దాస్తాన్‌గో, బుర్రకథకుడు ఈ ముగ్గురి వారసుడు ఇతడు. టాకీ వచ్చిన మరునాటి నుండి ఇతని ఉద్యోగం పోయినది. తెరకు మాట వచ్చి మనిషికి మాట పోయినది.

1927, 28 సంవత్సరాలలో ప్రభుత్వం మదరాసు న్యాయవాది దివాన్ బహదూర్ టి. రంగాచారిగారి అధ్యక్షతన ఒక విచారణసంఘాన్ని వేసినది. వారు దేశమంతా తిరిగి 353 మంది సాక్షులను ప్రశ్నించినారు. అప్పటికి దేశం మొత్తంమీద ఉన్న శాలలు సుమారు 300 మాత్రమే. ఇంత విశాలమైన దేశంలో అది సముద్రంలో కాకిరెట్ట వంటిది. అయినను ఆ 300 శాలల చుట్టూ అప్పుడే ఎంత కలవరం పుట్టినదో ఆ నివేదిక చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మెజెస్టిక్ దగ్గరకు రావలెను. 1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్‌లో అర్దేషిర్ ఇరానీ తీసిన ‘ఆలం ఆరా’ విడుదల అయినది. భారతదేశపు తొలి టాకీ. ఆ రోజు జనసమ్మర్దాన్ని అదుపుచేయడానికి పోలీసులను పిలువవలసివచ్చినది. నాలుగు అణాల టిక్కెట్టు నాలుగైదు రూపాయలకు అమ్ముడుపోయినదని చెప్పుకొంటారు. నల్లబజారు టిక్కెట్టుకు జన్మదినం ఏదని ఎవరైన అడిగితే ఆ తేదీని చెప్పవచ్చును! ఆ చిత్రంలోని భాష మన కళాశాల విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం. అది పారసీ రంగస్థలంమీద పెరిగిన ఉర్దూ హిందుస్తానీ. ఉత్తరదేశపు తొలి టాకీలన్నీ ఆ రంగస్థలపు ఉర్దూకు ఋణపడినవే. లక్నోకు చెందిన ఆగా హసన్ అమానత్ పందొమ్మిదవ శతాబ్దిలో వ్రాసిన ‘ఇందర్ సభ’ను మదన్ సంస్థ 1932లో చిత్రంగా తీసినప్పుడు అందులో దాదాపు డెబ్బది పాటలుండినవి. నాటకశాలను మింగి సినిమాశాల పెరిగినదని కొందరు అంటారు. నా దృష్టిలో అది సరికాదు. నాటకశాలయే దుస్తులు మార్చుకొని సినిమాశాలలోనికి నడచివచ్చినది. భవనాలు కూడా అనేకచోట్ల అవే.

మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ఆ ఇరానీ సంస్థ నీడలోనే పుట్టినది. దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి. నటులు సురభివంటి నాటకసమాజాలవారు. అది మొట్టమొదట ప్రదర్శింపబడినది తెలుగునేలమీద కాదు. 1932 ఫిబ్రవరి 6వ తేదీన బొంబాయిలోని కృష్ణా సినిమాలో. ‘ఆలం ఆరా’లోను ‘భక్త ప్రహ్లాద’లోను చిన్న చిన్న వేషాలు వేసిన ఒక ఏలూరు ప్రాంతపు యువకుడు ఉన్నాడు. ఇంటినుండి చెప్పకుండా బొంబాయికి పోయి, నానా పనులు చేసి, కొంతకాలం ఒక సినిమాశాల వాకిట కూడ నిలిచినాడని ఆయన చరిత్ర చెప్పేవారు అంటారు. ఆయనే తరువాత మహాదర్శకుడైన ఎల్. వి. ప్రసాద్. హైదరాబాదు నగరంలో 2003లో ప్రసాద్స్ అనే పేరుతో ఆయన కుటుంబంవారు పెద్దతెర గల భవనాన్ని తెరచినారు. వాకిట నిలిచినవాని పేరు వాకిలిమీదికి ఎక్కిన ఉదాహరణలు చరిత్రలో తక్కువ.

టాకీతో తెలుగు భాషకు ఒక మాట లభించినది. ఆంగ్లంలో “టాకీ” అన్నది చిత్రానికి పేరు. తెలుగులో “టాకీసు” అన్నది భవనానికి పేరైనది. “టాకీసుకు పోయినాడు”, “టాకీసు సందు”, “టాకీసు వెనుక ఇల్లు”. మాటాడే వస్తువు పోయి, మాటాడే చోటు నిలిచినది. పుట్టినచోట ఆ మాట ఎప్పుడో మరుగునపడినది. మన ఊళ్లలో మాత్రం ఇంకా బ్రతికియున్నది.

టాకీ రాకతో భవనం కూడా మారవలసివచ్చినది. మూకీకి నాలుగు గోడలు, ఒక తెల్లగుడ్డ చాలు. ధ్వనికి మాత్రం గోడలు ప్రతిధ్వనించరాదు, పైకప్పు మ్రోగరాదు. 1930ల తరువాత కట్టిన మహళ్లకు ఇది ఒక ముఖ్యకారణం. బొంబాయిలో సముద్రాన్ని పూడ్చి సంపాదించిన భూమిమీద, సిమెంటు కాంక్రీటు కొత్తగా అందుబాటులోకి వచ్చిన ఆ కాలంలోనే, ఆర్ట్ డెకో అనే శైలిలో వరుసగా సినిమా సౌధాలు లేచినవి. 1933లో రీగల్. వాస్తుశిల్పి ఛార్లెస్ స్టీవెన్స్. లోపలి అలంకరణ కార్ల్ షారా అనే చెక్ కళాకారునిది. సూర్యకిరణాలు విచ్చుకొన్నట్లు గోడల రంగులు. చల్లనిగాలి యంత్రం, కార్లు నిలుపుకొనడానికి భూగర్భంలో చోటు. 1938లో చర్చిగేటు స్టేషను ఎదుట ఈరోస్. మూలమలుపులో ఆగ్రా ఎర్రరాయితో తీర్చిన గోపురంవంటి కట్టడం, లోపల నలుపు తెలుపు చలువరాళ్లు. అదే సంవత్సరం మెట్రో. దీనిని కట్టినది హాలీవుడ్డుకు చెందిన మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ. న్యూయార్కులో ఇటువంటి మహళ్లు ఎన్నో నిర్మించిన థామస్ లాంబ్ దీని శిల్పి. కలకత్తాలో 1935లో తెరచిన మెట్రో కూడా ఆయనదే. తమ చిత్రాలకు తామే మహలు కట్టుకొనడం ఆ సంస్థ వ్యాపారనీతి. 1954 మార్చిలో తొలి ఫిలింఫేర్ పురస్కారాల సభ ఆ బొంబాయి మెట్రోలోనే జరిగినది.

వీటన్నిటిలోను నాకు ఎక్కువ ఇష్టమైనది లిబర్టీ. పైవన్నీ ప్రధానంగా ఆంగ్లచిత్రాల కొరకు కట్టినవి. హిందీ చిత్రాలు లామింగ్టన్ రోడ్డు, గిర్గాం వైపు పాతశాలలలో ఆడేవి. హబీబ్ హుసేన్ అనే ఆయన, మన చిత్రాలకు కూడా అంతటి సౌధం ఎందుకు ఉండరాదని 1949లో మెట్రోకు దగ్గరలోనే 1200 ఆసనాలతో లిబర్టీని తెరచినాడు. దేశానికి వచ్చిన స్వాతంత్ర్యాన్ని తలచి ఆ పేరు పెట్టినాడు. ఆరంభచిత్రం మెహబూబ్ ఖాన్ ‘అందాజ్’. లోపలి అలంకరణ వామన్ నంజోషీ చేసినాడు. 1976లో జైపూరులో తెరచిన రాజ్ మందిర్ కూడా ఆయన రూపకల్పనయే. ఒక భాషకు గౌరవం పుస్తకాలలోనే కాదు, కొన్నిసార్లు అది వినిపించే చోటులో కూడా ఉంటుంది. హిందుస్తానీ మాటకు పాలరాతిమెట్లు అవసరమా అని ఎవరైనా అడగవచ్చును. ఆంగ్లానికి అవసరమైనప్పుడు దీనికి ఎందుకు అనవసరం అని హబీబ్ హుసేన్ సమాధానం.

అయితే, మహలు అన్నంత మాత్రాన అందులో అందరూ రాజులే అని భ్రమపడరాదు. ఇక్కడ కొంచెం నిలిచి మాటాడవలెను. మన ఊళ్ల సినిమాశాలలో నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అని అంతరువులు. ఒకే బొమ్మ, ఒకే చీకటి. కాని ద్వారాలు వేరు. బాల్కనీకి పోయేవారికి ముందువాకిలి, మెట్లు, అద్దాలు. నేల టిక్కెట్టువానికి పక్కసందులో ఇరుకైన కటకటాల వరుస; గోడకు కొట్టిన బొక్కలో చెయ్యి దూర్చి టిక్కెట్టు తీసుకొంటే మోచెయ్యి గీసుకొనిపోయేది. పాలరాయిని అతడు చూడనే లేదు. తెరకు అత్యంత సమీపంలో కూర్చుండేవాడు అతడే, శాల వైభవానికి అత్యంత దూరంలో ఉండేవాడూ అతడే. కాని చిత్రం విజయం నిర్ణయించినది మాత్రం ఆ నేలయే. పెట్టుబడిదారు బాల్కనీవైపు చూచి శాల కట్టినాడు, నేలవైపు చూచి లెక్క వ్రాసుకొన్నాడు.

ఇక స్త్రీల సంగతి. హైదరాబాదులోను, ఇతర పట్టణాలలోను శాలలో ఒకభాగం జనానా. మా దాదీమా ఇప్పుడు ఎనభై ఏండ్లు దాటినవారు. వారి మాటలలో చెప్పాలంటే, ఆడవారి వైపు ముందు ఒక బరువైన నల్లని తెర వ్రేలాడేది. దీపాలు ఆరిన తరువాత ఆయా దానిని లాగేది. విశ్రాంతి అనే అక్షరాలు పడడానికి ముందే మరల మూసివేసేది. “బొమ్మకు ఒక తెర, మాకు ఒక తెర. మాది తీస్తేగాని వాళ్లది కనబడదు” అని వారు నవ్వుతారు. వెలుగులో ఎవరికీ కనబడని ఆ స్త్రీలు చీకటిలో లోకమంతా చూచినారు. ఇంటినుండి పిల్లలు, పాన్‌దాన్, మంచినీళ్ల సురాహీ, ఒక్కొక్కసారి పప్పుతో చేసిన పిండివంటలు కూడా వెంట పోయేవి. ఏడ్చే పిల్లలను మూడువరుసల స్త్రీలు చేతులు మార్చి ఎత్తుకొనేవారట. బయట ఆడవారికి వేరే వరుస ఉండడంవలన మా తాతగారికి దొరకని టిక్కెట్టు మా దాదీమాకు దొరికేది. ఇంటిలో అన్నిటికీ అనుమతి అడిగే మనిషి, సినిమా రోజున మాత్రం తాతగారికి టిక్కెట్టు తెచ్చి ఇచ్చే యజమానురాలు అయ్యేవారు. పరదాను పొగడడం నా ఉద్దేశం కాదు. ఆ తెర లేకుంటే ఆనాటి మా ఇంటి స్త్రీలు వాకిలి దాటేవారు కాదు అనేది కూడా దాచరాని నిజం. ఆనాడు మా వీధిలో తల్లులకు, కోడండ్రకు, పనిమనుషులకు, హిందువులకు, ముసల్మానులకు కలిసి కూర్చుండే చోటు ఇంకొకటి ఉండినదా అని నేను వారిని అడిగినాను. కొంచెంసేపు ఆలోచించి, “పెళ్లి” అన్నారు. పిమ్మట, “పెళ్లికి పిలవాలి కదా” అన్నారు.

ప్రదర్శన మొదలు కావడానికి ఒక సంప్రదాయం ఉండేది. శాల పైనున్న లౌడుస్పీకరులో పాటలు. చివరకు ఘంటసాలవారి వెంకటేశ్వర భక్తిగీతం. ఆ పాట వినబడినదంటే టిక్కెట్లు ఇస్తున్నారని ఊరందరికీ తెలుసు. మా దాదీమా ఆ పాట వినగానే బురఖా వేసుకొని బయలుదేరేవారు. లోపల గంట మ్రోగి, రంగుదీపాల వెలుగులో మడతల తెర మెల్లగా పైకి లేచేది. ప్రకటనల స్లైడులు, ప్రభుత్వ ఫిలింస్ డివిజన్ వారి వార్తాచిత్రం, ఆ తరువాత అసలు బొమ్మ.

ఆ బొమ్మను వేసే పని ఎంత కష్టమో నేటి విద్యార్థులు ఎరుగరు. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిలిము క్షణానికి 24 చట్రాల వేగంతో పరుగెత్తుతుంది. నిమిషానికి 90 అడుగులు. వేయి అడుగుల చుట్ట పదకొండు నిమిషాలలో అయిపోతుంది. కనుక రెండు యంత్రాలుంచి, ఒకదానిలో చుట్ట ముగిసే సమయానికి రెండవదానిని కలపవలెను. తెర కుడివైపు పైమూలలో ఒక చిన్న చుక్క మెరుస్తుంది; అది సిద్ధపడుమనే సంకేతం. కొన్ని క్షణాలకు మరొక చుక్క, అప్పుడు మార్చవలెను. నేర్పుగల ఆపరేటరు మార్చితే వేయిమందిలో ఒక్కనికి కూడ తెలియదు. దీపం కూడా ఇప్పటివలె మీట నొక్కితే వెలిగేది కాదు. రెండు బొగ్గుకడ్డీల కొనల మధ్య విద్యుత్తును దూకించి పుట్టించే వెలుగు అది. కడ్డీలు కాలుతూ తరుగుతుంటే వాటి ఎడం చెడకుండా జరుపుతూ ఉండవలెను. కొంచెం ఏమరితే తెర పసుపుబారుతుంది. వెంటనే నేలవైపు నుండి ఈలలు, కేకలు. ఆపరేటరుకు లభించిన గుర్తింపు ఆ కేకలే. రెండు శాలలవారు ఒకే ప్రతిని పంచుకొన్నప్పుడు, ఇక్కడ ముగిసిన చుట్టలను సైకిలుమీద అక్కడికి తీసుకొనిపోయే కుర్రవాడు దారిలో ఆలస్యమైతే అక్కడ బొమ్మ ఆగిపోయేది. కథానాయిక ప్రాణం ఒక సైకిలు చక్రంలోని గాలిమీద ఆధారపడిన సందర్భాలు మన ఊళ్లలో ఎన్ని!

వైభవానికి పరాకాష్ఠ ఏదని అడిగితే 1960 ఆగస్టు 5వ తేదీని చెప్పవలెను. 1958లో వేయి ఆసనాలతో తెరచిన బొంబాయి మరాఠా మందిర్‌లో ఆ రోజు కె. ఆసిఫ్ ‘మొఘల్ ఎ ఆజం’ ప్రారంభమైనది. చిత్రం చుట్టలను అలంకరించిన ఏనుగుమీద ఊరేగించి తెచ్చినారు. ముందుగా టిక్కెట్లు కొనుటకు జనం శాలముందే రాత్రింబవళ్లు మకాం వేసినారు. ఇండ్లనుండి అన్నం అక్కడికే వచ్చినది. మూడుగంటల పైచిలుకు చిత్రం. అందులోని ఉర్దూ సంభాషణలు ఎంత గంభీరమైనవో, అంత సామాన్యుల నోళ్లలో నానినవి. ఉర్దూ అక్షరం ఒక్కటీ ఎరుగని మా ఊరి తెలుగువారు సలీం, అనార్కలీల మాటలను అప్పగించడం నేను చిన్ననాట విన్నాను. ఏ పాఠశాలయూ చేయని పనిని ఆ నేల టిక్కెట్టు చేసినది.

పతనాన్ని గురించి ఎక్కువ వ్రాయను. టెలివిజను, వీడియో, వినోదపు పన్ను, పట్టణం నడిబొడ్డున పెరిగిన భూమి విలువ. 1997లో ఢిల్లీలో తొలి మల్టీప్లెక్సు వచ్చినది. పిమ్మట అనేక రాష్ట్రాలు వాటికి పన్ను రాయితీలు ఇచ్చినవి. 2012 ప్రాంతం నుండి ఫిలిము చుట్టల స్థానంలో డిజిటల్ వచ్చి ఆపరేటరు నేర్పుకు పనిలేకుండా చేసినది. 2020లో మహమ్మారి వలన నెలల తరబడి మూతపడిన శాలలు కొన్ని మరల తెరవనేలేదు. కొన్ని శుభవార్తలు కూడా ఉన్నవి. 2018లో బొంబాయిలోని ఆర్ట్ డెకో కట్టడాల సముదాయాన్ని, ఈరోస్, రీగల్‌లతో సహా, యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. మూతపడిన ఈరోస్ 2024లో కొత్త తెరతో మరల తెరచుకొన్నది. మరాఠా మందిర్‌లో 1995 అక్టోబరులో మొదలైన ‘దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే’ మధ్యలో మహమ్మారి విరామం మినహా ముప్పది సంవత్సరాలు దాటి ఆడుతూ వచ్చినది. కాని యునెస్కో జాబితా జిల్లాకేంద్రాల టాకీసులవరకు రాదు. బాల్కనీకి ఇన్ని రూపాయలు, నేలకు ఇన్ని రూపాయలు అని గోడమీద రంగుతో వ్రాసిన ఆ శాలలను కాపాడుమని అడిగేవారు లేరు. మల్టీప్లెక్సులో అంతరువులు లేవు, నిజమే; నేల తరగతి కూడ లేదు. అందరికీ ఒకే వాకిలి ఏర్పడినది, కాని నేలవాడు ఆ వాకిలి దాకా రావడం మానినాడు. ఆనాటి అవమానం మంచిదా, ఈనాటి లేమి మంచిదా అనే ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

మా ఊరి టాకీసును ఎనిమిదేండ్ల క్రితం పడగొట్టినారు. ఆ సంగతి తెలిసి నేను పోయేటప్పటికి బాల్కనీ సగం కూలియున్నది. రెండు ప్రొజెక్టర్లను పాత ఇనుము వ్యాపారి తూకంవేసి తీసుకొనిపోతున్నాడు. జనానా వైపు గోడకు తెర వ్రేలాడిన ఇనుపకడ్డీ, దాని ఉంగరాలు కొన్ని అట్లే ఉన్నవి. ఒక ఉంగరం అడిగి తీసుకొని దాదీమాకు ఇచ్చినాను. వారు దానిని పాన్‌దాన్‌లో వక్కల గిన్నె పక్కన ఉంచుకొన్నారు. ఆ స్థలంలో ఇప్పుడు పెండ్లిండ్లు జరిగే ఫంక్షన్ హాలు వచ్చినది. బస్సు కండక్టరు మాత్రం అక్కడికి రాగానే నేటికీ “టాకీసు, టాకీసు, దిగండి” అని అరుస్తాడు. ఆ పేరు చెప్పి టిక్కెట్టు తీసుకొనే పిల్లలలో సగంమందికి అక్కడ ఏ బొమ్మా చూచిన జ్ఞాపకం లేదు.